సభావేదికపై మైకు వాద్యములు: పెడళ్ల వినియోగము
(ప్రసంగ పాఠము)



అండమాను నికోబారు దీవులలో, 2011 జనాభా లెక్కల ప్రకారము, ప్రతి నూర్గురిలో సుమారు 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. సముద్రము దాటి వచ్చిన ఈ కుటుంబములు కళలను నిలుపుకొనుటకు ఉగాది, సంక్రాంతి సభలే ఆధారము. అట్టి సభలో మొదటిసారి వీణ వినిన బాలునకు లౌడ్ స్పీకరునుండి వెలువడు ధ్వనియే వీణ. అందు వికారము కలిగినచో, వీణయే వికృతమని అతడు తలచును. కావున మైకు ముందు వాయించు వాద్యమునకు పెడలు చేర్చవచ్చునా, చేర్చినచో ఎట్లు అను ప్రశ్న వినోదమునకు మాత్రమే సంబంధించినది కాదు.

పెడలు అనగా కాలితో నొక్కు చిన్న పెట్టె. నాదమునకు ప్రతిధ్వనిని, గరుకుదనమును, ఊగిసలాటను చేర్చును. ఇది గిటారు కొరకు పుట్టినది. 1962లో ఫజ్ పెట్టెయు, 1967లో వా-వా పెడలును అంగడికి వచ్చినవి. విద్యుత్ గిటారులో తంతి కంపమును అయస్కాంతపు పికప్పు తిన్నగా విద్యుత్తుగా మార్చును. గదిలోని గాలితో దానికి పని తక్కువ. మైకు అట్లు కాదు. అది వీణను వినును. ప్రక్కనున్న మృదంగమును వినును. ముందు వరుసలోని దగ్గును వినును. లౌడ్ స్పీకరునుండి తిరిగివచ్చిన నాదమును గూడ వినును. మైకు వినినదానికంతటికిని పెడలు తన రంగు పూయును. చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది.

విద్యుత్తు సంప్రదాయమునకు శత్రువు కాదనుటకు తెలుగువారికి గొప్ప నిదర్శనము కలదు. 1969లో పాలకొల్లున జన్మించి 2014లో పరమపదించిన మాండొలిన్ శ్రీనివాస్, జంటతంతుల సాధారణ మాండొలినును విడిచి, ఐదు ఒంటితంతుల విద్యుత్ మాండొలినును చేపట్టి, నిలుకడగల నాదముతో కర్ణాటక గమకములను పలికించెను. పాశ్చాత్యలోకమున మైల్స్ డేవిస్ 1970 ప్రాంతమున ట్రంపెట్టు నాదమును విద్యుత్తుగా మార్చి వా-వా గుండ పంపెను. ఊదు వాద్యము సైతము పెడలుతో పలుకగలదని దానివలన తేలినది. ఇరువురును వాద్యమునకు తగిన మార్గము నేర్పరచుకొనిరి. కనబడిన తీగెను కనబడిన రంధ్రమున దూర్చలేదు.

ఆ మార్గమేది? మొదటిది బలమును సరిపుచ్చుట. మైకునుండి వచ్చు విద్యుత్తు కొలది మిల్లీవోల్టులు మాత్రమే. గిటారునుండి వచ్చునది వందల మిల్లీవోల్టులు. మైకును తిన్నగా పెడలునకు తగిలించినచో నాదము సన్నగిల్లి, ‘స్‌స్’ అను రొద మిగులును. కండెన్సరు మైకైనచో దానికి మిక్సరునుండి రావలసిన 48 వోల్టులు అందక మూగబోవును. ఇక మిక్సరునుండి వచ్చు విద్యుత్తు ఒక వోల్టునకు మించియు ఉండవచ్చును. అది పెడలునకు ఎక్కువై నాదము పగులును.

కావున మైకు మొదట మిక్సరునకే పోవలెను. అచ్చటనుండి ఆగ్జిలరీ దారిన నాదములో కొంతభాగమును రీయాంపు పెట్టెకు పంపవలెను. ఆ పెట్టె బలమును గిటారు స్థాయికి దించి పెడలునకు అందించును. పెడలునుండి డి.ఐ. పెట్టె గుండ మిక్సరులోని వేరొక గడికి నాదము తిరిగి రావలెను. ఇట్లు చేసినచో వాద్యపు సహజనాదము ఒక మార్గమునను, పెడలు నాదము వేరొక మార్గమునను నడచును. రెండింటి పాళ్లు వ్రేళ్లతో సరిచేయవచ్చును. ఇందు రెండు జాగ్రత్తలు కలవు. పెడలు మార్పు చెందిన నాదమును మాత్రమే తిరిగి పంపవలెను. మూలనాదమును గూడ పంపినచో రెండును కలిసి గొంతు డొల్లగును. తిరిగివచ్చిన గడిలోని ఆగ్జిలరీ మీటను సున్నపై ఉంచవలెను. లేనిచో నాదము తన తోకను తానే పట్టుకొని తిరిగి మైకు కూయును.

వీణకు అంటించు కాంటాక్టు మైకు పక్కధ్వనులను అంతగా గ్రహింపదు. కాని దానికి పది లక్షల ఓములకు తగ్గని ప్రవేశనిరోధము కావలెను. తగ్గినచో మంద్రస్థాయి పలుచబడును.

ఏ పెడలు తగును? స్వల్పమైన రివర్బు, మితమైన ప్రతిధ్వని మైకు వాద్యమునకు ఒప్పును. గరుకు పెడలును, కంప్రెసరును మెల్లని ధ్వనులను పైకెత్తును; అనగా మైకును లౌడ్ స్పీకరునకు దగ్గరగా జరిపినట్లే. కూత తప్పదు. కోరసు పెడలు స్వరస్థానమును పైకిని క్రిందికిని ఊపును. తంబురతో ఏకమై నిలువవలసిన షడ్జపంచమములకది తగదు. దీర్ఘమైన రివర్బు గడచిన స్వరమును వచ్చు స్వరముపై పూసి గమకమును చెరపును. హరికథలో సాహిత్యమును మ్రింగును.

లయ విషయము మరింత సున్నితము. నిమిషమునకు 80 అక్షరముల కాలప్రమాణమున ఒక్కొక్క అక్షరము 750 మిల్లీసెకనులు. ప్రతిధ్వనిని అంతకు కట్టియుంచగా వాద్యకులు 84కు జరిగినచో, నాలుగక్షరములు గడచునప్పటికి ప్రతిధ్వని సెకనులో ఏడవ వంతు వెనుకబడును. మృదంగ విద్వాంసుడు దేనిని అనుసరింపవలెను? పెడలు తాళము వేయదు, వినదు. కావున ఆలాపనలో దానికి చోటున్నను, తని ఆవర్తనమున దానిని ఆపివేయుటయే మర్యాద.

వీణావిద్వాంసురాలు బాసిపట్టు వేసి కూర్చుండును. ఆమె కాలితో పెడలు నొక్కజాలదు. అది మిక్సరు ప్రక్కన, కృతి తెలిసిన మనుష్యుని చేతిలో ఉండవలెను. పల్లవి ఎప్పుడు ముగియునో ఎరుగనివాడు మీటను ముట్టరాదు.

దీవుల పరిస్థితి వేరు. విద్యుత్తు చాలవరకు డీజిలు యంత్రములనుండి లభించుచున్నది. ఉప్పుగాలి, వానతేమ ప్లగ్గులకు చిలుము పట్టించును. పెడళ్లను, తీగెలను మూతగల డబ్బాలో సిలికా జెల్లుతో భద్రపరచవలెను. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి అదనముగా నుంచుకొనుట మేలు. గుంయిమను రొదను పోగొట్టుటకు ప్లగ్గులోని భూసంధానపు పిన్నును విరుచుట ప్రాణాపాయకరము. తడిసిన వేదికపై అట్టి పని ఎవరును చేయరాదు. రొదకు డి.ఐ. పెట్టెపైనున్న గ్రౌండు మీటయే మందు.

చివరగా ఒక పరీక్ష. సభకు ముందు ఒకరు కడపటి వరుసలో కూర్చుండవలెను. వేదికపై కృతి నడచుచుండగా పెడలును ఒకసారి తెరచి, ఒకసారి మూసి చూడవలెను. తెరచినపుడు వీణ మరింత వీణగా వినిపించినచో ఉంచుడు. పెడలే వినిపించినచో తీసివేయుడు. పరికరము నిలుచునా, పోవునా అన్నది రెండవ మాట. ఈ దీవులలో పెరుగు పిల్లల చెవిలో వీణ వీణగా నిలుచుటయే మొదటి మాట.