వీసాకు ముందు దస్తావేజు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పొలం అమ్మి అబ్బాయికి ఈబీ-5 పెడదామా?" ఉయ్యూరు నుంచి గుడివాడ దాకా ఈ మాట వింటున్నాం. ఈబీ-5 అంటే పెట్టుబడి మీద వచ్చే అమెరికా గ్రీన్‌కార్డు. 2022 చట్టం ప్రకారం గ్రామీణ, నిరుద్యోగ ప్రాంతాల్లో 8 లక్షల డాలర్లు, మిగతాచోట్ల 10.5 లక్షలు పెట్టాలి. పదిమందికి ఉద్యోగాలు రావాలి.

చిక్కు మన రిజిస్ట్రారు ఆఫీసులోనే మొదలవుతుంది. కోటికి అమ్మి దస్తావేజులో ముప్ఫై లక్షలు రాయిస్తే, మిగతా డెబ్బై అక్కడ చెల్లవు. ప్రతి రూపాయి ఎలా వచ్చిందో కాగితం చూపాలి. పట్టణాలకు దూరంగా ఉన్న సాగుభూమికి మూలధన లాభాల పన్ను ఉండదు గనుక, పూర్తి ధర రాయిస్తే అమ్మేవారికి నష్టం లేదు. స్టాంపు డ్యూటీ కట్టేది కొనేవారే. వాళ్లు ఒప్పుకోకపోతే బేరం ఆపండి. రిజర్వు బ్యాంకు పథకం కింద ఒక్కొక్కరు ఏడాదికి 2.5 లక్షల డాలర్లే పంపగలరన్నదీ గుర్తుంచుకోండి.

ఇక్కడ కంపెనీ నడుపుతున్నవారు అమెరికాలో శాఖ తెరిచి ఎల్-1 మీద వెళ్లవచ్చు. కొత్త శాఖకు మొదట ఏడాదే ఇస్తారు. ఈ-2 ఒప్పందం మన దేశంతో లేదు. భారత పాస్‌పోర్టు మీద అది ఇప్పిస్తామంటే నమ్మకండి. దుబాయిలో 20 లక్షల దిర్హాముల ఆస్తి కొంటే పదేళ్ల గోల్డెన్ వీసా వస్తుంది, పౌరసత్వం రాదు.

చివరిగా ఒక్కమాట. ఈబీ-5 సొమ్ము తిరిగొస్తుందన్న హామీని ఆ చట్టమే ఒప్పుకోదు. తల్లిదండ్రుల తిండిగింజల పొలం మాత్రం అమ్మకండి.