కాళన్న నవ్వు ముందుగాల మనోళ్లనే కొరుకుతది

(కాళోజీ జయంతి సభలో విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



కాళోజీ మీద మాట్లాడేటోళ్లు ఎక్కువగ ఆయన కోపం గురించి చెప్తరు. ధిక్కారమంటరు, తిరుగుబాటంటరు. నిజమే, కాదనం. కానీ ఇయ్యాల మేం ఆయన చమత్కారం గురించి చెప్పదలుచుకున్నం. కాళన్నను చదువుతుంటే ముందుగాల నవ్వొస్తది. ఆ నవ్వు సగంల ఉండంగనే గొంతుల ఏదో అడ్డం పడుతది.

ఆయన కవితలకు పెట్టిన పేరే చూడుండ్రి. అగ్నిధారలు, రుద్రవీణలు, మహాప్రస్థానాలు వస్తున్న కాలంల ఈయన 'నా గొడవ' అన్నడు. మన ఇండ్లల్ల ఈ మాట ఎట్ల వాడుతం? 'మనకెందుకురా ఈ గొడవ' అంటం. ఆఫీసుల పక్క సీటోనికి అన్యాయం జరిగితే మనం ఫైల్ల తల పెట్టి లోపల అనుకునేది గూడ అదే మాట. కాళన్న అదే మాటను పట్టుకొని తిరగేసిండు. పక్కోని ఆకలి, పక్కోని వీపు మీద పడ్డ లాఠీ, అంత నా గొడవే అన్నడు. పేరుల 'నా' అని ఉంటది గని లోపలున్నదంత మందిదే. మేం చదివిన కాడికి తెలుగుల ఇంత చిన్న పేరుల ఇంత పెద్ద ఎత్తిపొడుపు ఇంకోటి లేదు.

ఇంకొక ముచ్చట. 2014ల రాష్ట్రం వచ్చినప్పటి నుంచి ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగ చేసుకుంటున్నం. మరి ఆయన 1914ల పుట్టిందెక్కడ? కన్నడ సీమల, బీజాపూర్ జిల్లా రట్టిహళ్లిల. తండ్రి దిక్కు మరాఠీ, తల్లి దిక్కు కన్నడం. అన్న రామేశ్వరరావు 'షాద్' పేరుతోని ఉర్దూల కవిత్వం రాసిండు. అసోంటి ఇంటి పిల్లగాడు ఓరుగల్లు పక్క మడికొండల పెరిగి మన పలుకుకు పెద్దదిక్కయిండు. మన భాషను పుట్టుకతోని కొలిచేటోళ్లకు ఈ సంగతి జెర గుర్తుచెయ్యాలె.

బడిల నేర్పే భాష వేరు, జనం నోట్ల ఆడే భాష వేరు అని ఆయన చివరిదాక కొట్లాడిండు. మన యాస మీద జాలి చూపుమని మాత్రం ఎవర్నీ అడుగలేదు. సినిమాలు దాన్ని రౌడీకి, జోకరుకు ఇస్తుంటే, ఈయన ఆకలి గురించి, రాజ్యం గురించి చెప్పేటందుకు అదే యాసను వాడిండు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తం. కాళన్న మొదట్ల విశాలాంధ్ర కోరుకున్నోడు. 1956 తర్వాత ఒప్పందాలకు ఏ గతి పట్టిందో కండ్లార చూసిండు. 1969 నాటికి తెలంగాణ దిక్కు నిలవడ్డడు. మామూలు నాయకుడైతే పాత మాటను చాపకిందికి తోస్తుండె. ఈయన తన ఆశ ఎట్ల భంగపడ్డదో కవితలల్లనే బాహాటంగ చెప్పుకున్నడు. నిజాం జైలు చూసినోడు, స్వరాజ్యం వచ్చిందని గూడ చల్లబడలే. 1977ల ఎమర్జెన్సీ ముగిసినంక సత్తుపల్లికి పోయి జలగం వెంగళరావు మీదనే పోటీ చేసిండు. ఓడిపోయిండు. గెలుస్తడని ఆయనకు ఓటేసినోళ్లు గూడ అనుకోలేదేమో! అయినా అడిగేటోడు ఒకడున్నడని జిల్లా అంత తెలిసింది.

మాలాంటోళ్లకు కాళన్న మొదట గోడల మీద పరిచయమైండు. 2009 తర్వాత యూనివర్సిటీ గోడలు, సకలజనుల సమ్మె ఫ్లెక్సీలు, ఎక్కడ చూసినా ఆయనే. అప్పుడు ఆయన మాటలను అవతలోళ్ల మీదికి బాణాల లెక్క ఏసినం. ఇప్పుడు వరంగల్ల ఆరోగ్య విశ్వవిద్యాలయానికి ఆయన పేరున్నది. 2024ల హనుమకొండల కాళోజీ కళాక్షేత్రం గూడ తెరుచుకున్నది. సంతోషమే. కానీ జయంతి ఫ్లెక్సీల ఆయన బొమ్మ తపాలా బిళ్లంత, దండం పెట్టేటోళ్ల బొమ్మలు తలుపంత ఉంటున్నయి. పొద్దున ఆయన బొమ్మకు దండేసి వచ్చి, మధ్యాహ్నం కౌంటరు కాడ 'ఏం గావాలె, సక్కగ చెప్పు' అని ఊరి నుంచొచ్చిన ముసలవ్వను కసిరెటోడు మనకు కనవడుతనే ఉన్నడు. వాడిప్పుడు ఎక్కడి నుంచో వచ్చినోడు కాదు. మన ఊరోడే, మనతోని ధర్నాల కూసున్నోడే. కాళన్న ఉంటె వాని మీద ఏం రాస్తుండెనో ఊహించుకోండ్రి. చదివి మనం నవ్వుతుంటిమా, తల దించుకుంటుంటిమా?

1992ల పద్మవిభూషణ్ ఇచ్చిన్రు. 2002 నవంబర్ 13న కన్ను మూసినంక ఆయన దేహం కాకతీయ మెడికల్ కాలేజీకి పోయింది. డాక్టరు చదివే పిల్లలకు అట్ల అక్కెరకొచ్చిండు.

బయట బల్ల మీద 'నా గొడవ' ఉన్నది. ఫొటోలు దిగినంక ఒకటి కొనుక్కపోండ్రి. ఇంట్ల పిల్లలతోని గట్టిగ చదివించుండ్రి. వాళ్లు నవ్విన కాడ ఆపి, ఎవర్ని చూసి నవ్విన్రో అడుగుండ్రి.

జై తెలంగాణ.