ఇంటి దగ్గరి చదువు, బాడుగ గది చదువు

(అనంతపురంలో దళిత విద్యార్థుల తల్లిదండ్రులు, గ్రామ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటర్ పాసైన పిల్లలున్న ప్రతి ఇంట్లో ఇప్పుడు ఒకటే మాట నలుగుతున్నది. మా దగ్గరికొచ్చిన తల్లిదండ్రులంతా అదే అడుగుతున్నారు. "పిల్లోన్ని అనంతపురంలో రూములో పెట్టాల్నా, ఇంటి కాడ్నుంచే బస్సుకు పంపాల్నా? బెంగుళూరయితే ఎట్ల?" దీనికి దుడ్ల లెక్క ఒక్కటే జవాబయితే ఇంతమందిమి పని మానుకొని ఇక్కడ కూచోవాల్సిన అవసరం లేదు. బాడుగ ఎంత, బియ్యం ఎంత, గ్యాసు ఎంత అని మీరే వేళ్ళ మీద కడతారు. కూలి కాడ మోసపోయి మోసపోయి లెక్కలు నేర్చినోళ్ళం మనం. ఆ లెక్కలోకి ఎక్కని వాటి గురించి మాట్లాడదామనే ఈ సభ.

మొదట ఇల్లు అనే మాటను పట్టుకుందాం. ఇంటి దగ్గరుండి చదివితే ఖర్చు కలిసొస్తుంది, అమ్మ చేతి బువ్వ దొరుకుతుంది, పిల్లలు చెడిపోరు అని చదువుకున్న పెద్దమనుషులు సలహా ఇస్తుంటారు. వాళ్ళ ఇల్లు వేరు. అందులో పిల్లోనికి ఒక గది, ఒక టేబులు, తలుపు మూసుకునే హక్కు ఉంటాయి. మన కాలనీ ఇల్లు సర్కారు కట్టిచ్చిన ఒంటి గది. పొయ్యి అందులోనే, పడక అందులోనే, ముసలవ్వ దగ్గూ అందులోనే. పైగా పిల్లోడు ఇంట్లో కనపడితే ఒక జత చేతులు కనపడినట్టే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని నేల ఇది. పదును దొరికిన నాడే విత్తాలి. జూన్, జూలైలో చెనక్కాయ విత్తనం, అక్టోబరు, నవంబరులో చెట్లు పెరకడం, కాయలు తెంపడం. కాలేజీ తరగతులు నడిచేదీ అప్పుడే. అప్పిచ్చిన ఆసామి ఇంటిముందుకొచ్చి "మీవాడు ఖాళీగానే ఉన్నాడు గదా, రెండు దినాలు పంపు" అంటే తండ్రి ఎట్ల కాదంటాడు? ఊర్లో ఉండటమంటే ఆ పిలుపుకు అందుబాటులో ఉండటం. ఈ ఖర్చును ఏ పెద్దమనిషీ లెక్కలో రాయడు.

ఇంకొక సంగతి. కరువు సీమలో ఇల్లు ఉన్నచోట ఉండదు. పంట పోయిన ఏడు తల్లీ తండ్రీ బెంగుళూరుకు బేల్దారి పనికి పోతారు. ఇంట్లో ముసలోళ్ళు, చిన్నపిల్లలు మిగులుతారు. అప్పుడు ఇంటి దగ్గరుండి డిగ్రీ చదివే ఆడపిల్లే ఆ ఇంటికి తల్లి. నీళ్ళు, వంట, తమ్ముని బడి, అవ్వ మందులు అన్నీ ఆ పిల్ల మీదనే. "మా పాప ఇంట్లో ఉండి చదువుతాంది" అని మనం చెప్పుకుంటాం. ఇల్లు నడిపి మిగిలిన పొద్దులో పుస్తకం ముట్టుకుంటాంది అనేది నిజం. "అమ్మా నాయనా బెంగుళూరులోనే ఉన్నారు గదా, వాళ్ళ దగ్గరే ఉండి చదువుకోరాదా" అనేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళుండేది కట్టే మిద్దె పక్కన రేకుల షెడ్డు. మిద్దె పూర్తయితే షెడ్డు పీకేస్తారు, ఇంకో పేటకు పోవాలి. కాలేజీ మాత్రం పోయినచోటికల్లా వెంటరాదు.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టు లేదు. మంచిదే. కూలికిపోయే తల్లులకు అది నిజమైన ఆదాయం. కానీ దాన్ని అడ్డం పెట్టుకొని రూముల్లో ఉన్న ఆడపిల్లలను ఇంటికి పిలిపిస్తున్నారు. "బస్సు ఊరికే వస్తాంటే బాడుగ దండగ" అంటున్నారు. కళ్యాణదుర్గం నుంచి అనంతపురం దాదాపు 60 కిలోమీటర్లు. పోనురాను 120. మన ఊర్లు కళ్యాణదుర్గంలో లేవు, అక్కడికి ఇంకో ఆటో కావాలి, ఆటో ఊరికే రాదు. తెల్లారి సద్ది కట్టుకొని బయలుదేరి, సాయంత్రం చివరి బస్సు పోతుందని ల్యాబు మధ్యలో లేచొచ్చే పిల్లకు టిక్కెట్టు మిగిలింది, పొద్దు మిగల్లేదు. ఆలస్యమైన రోజు ఊరంతా ఆరా తీస్తుంది. మూడు నెలలకు పెండ్లి మాట వస్తుంది. మగపిల్లోనికి అప్పు చేసి రూము, ఆడపిల్లకు ఉచిత బస్సు! ఈ పంపకాన్ని సంఘం ఒప్పుకోదు.

సరే, రూమే తీసుకుందాం అనుకుంటిరి. ఇస్తారా? బోర్డు మీద టు లెట్ అని ఉంటుంది. మన పిల్లలు పోయి నిలబడితే మొదటి ప్రశ్న "ఏ ఊరు?", రెండోది "మీ నాయన ఏం చేస్తాడు?", మూడోది "మీరెవరు?" మీరెవరు అంటే పేరు కాదు అడిగేది. పిల్లలు ఎస్సీ అనగానే ఓనరమ్మకు చుట్టాలు గుర్తుకొస్తారు, సున్నం వేయించేది గుర్తుకొస్తుంది. కొందరు "శాకాహారులకు మాత్రమే" అని ముందే రాసిపెడతారు. ఆ రాత ఎవరికోసమో మనకు తెలుసు. బెంగుళూరులో పది నెలల బాడుగ అడ్వాన్సు అడిగే అలవాటు ఉంది. అక్కడ మంచానికింత అని తీసుకునే పీజీల్లో కులం ప్రశ్న రొంత తక్కువ, దుడ్ల ప్రశ్న ఎక్కువ. ఇది మా ఊహ అనుకునేవాళ్ళకు ఒక మాట. 2012లో సుఖదేవ్ థోరట్ గారి బృందం ఢిల్లీ, దాని చుట్టుపక్కల పట్టణాల్లో ఒక సర్వే చేసింది. సాటి ఉద్యోగాలున్నవాళ్ళే, పేర్లు మాత్రం వేరు. పై కులం పేరుతో ఇల్లు అడిగినవాళ్ళను ఒక్కర్ని కూడా కాదనలేదు. దళితుల పేర్లతో అడిగినవాళ్ళను కాదన్నారు, ముస్లింల పేర్లతో అడిగినవాళ్ళను ఇంకా ఎక్కువగా కాదన్నారు. 2015లో దాన్ని అచ్చువేశారు.

బాబాసాహెబ్‌కు జరిగింది కూడా ఇదే. కొలంబియా యూనివర్సిటీలో చదివొచ్చి 1917లో బరోడా సంస్థానంలో కొలువులో చేరినాడు. ఊర్లో ఉండటానికి చోటు లేదు. పార్శీల సత్రంలో పార్శీ పేరు రాయించుకొని దినానికి రూపాయిన్నర ఇచ్చి మేడమీద ఒంటరిగా ఉన్నాడు. పదకొండో దినం కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్ళగొట్టినారు. సాయంత్రం దాకా పార్కులో కూచొని రాత్రి రైలుకు బొంబాయి పోయినాడు. అంతటి చదువుకూ గది తాళంచెవి రాలేదు. అదే మనిషి 1921-22లో లండన్‌లో బాడుగకున్న ఇంటిని 2015లో మహారాష్ట్ర ప్రభుత్వం కొని స్మారకం చేసింది. బరోడాలో కాదన్న కులం ఇప్పుడు బోర్డు వెనక ఉంది, కట్టె మాత్రం చేతిలో లేదు.

మరి తక్కిన కులాల పేద పిల్లలు పట్నాల్లో ఎట్ల చదివినారు? ఈ అనంతపురంలోనే 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ పెట్టినారు, ఇప్పటి ఆర్ట్స్ కాలేజీ అదే. ఆ రోజుల్లో బ్రాహ్మణ పేదపిల్లలు వారాలు చేసుకొని చదివేవాళ్ళు. సోమవారం ఒక ఇంట్లో బువ్వ, మంగళవారం ఇంకో ఇంట్లో. పేదరికం వాళ్ళకూ ఉంది, కానీ పట్నంలో ఏడు ఇండ్ల తలుపులు తెరుచుకున్నాయి. భూమీ దుడ్డూ ఉన్న కులాలు సొంత హాస్టళ్ళు కట్టుకున్నాయి. హైదరాబాదులో 1918లోనే రెడ్డి హాస్టల్ లేచింది. మెరిట్టు, కష్టం అని మాట్లాడేవాళ్ళు ఈ వారాలను, ఈ హాస్టళ్ళను మరిచిపోతారు. ఇంటికి దూరంగా ఉండి చదివే ఖర్చును వాళ్ళ కులం మోసింది. మన కులం మోయాలంటే దాని చేతిలో పార, తట్ట తప్ప ఏమీ లేవు. అందుకే మనం రాజ్యాన్ని అడుగుతాం. ఇది బిచ్చం కాదు. 1944లో బాబాసాహెబ్ వైస్రాయి కౌన్సిల్లో ఉన్నప్పుడే ఎస్సీల పై చదువుల స్కాలర్‌షిప్పు మొదలయింది.

ఆ స్కాలర్‌షిప్పులో ఇప్పుడు ఉన్నది ఏమిటో చూడండి. 2021లో మార్చిన కేంద్ర పద్ధతిలో మామూలు డిగ్రీ చదివే పిల్లోడు హాస్టల్లో ఉంటే ఏడాదికి 6,000, ఇంటి నుంచి పోతే 3,000. నెలకు లెక్కేస్తే 500, 250. ఇంజనీరింగుకు 13,500, 7,000. అంటే ఇంటి దగ్గరుంటే సగమే ఖర్చు అని సర్కారు కూడా పెద్దమనుషుల లెక్కనే నమ్మింది. 2020లో మన రాష్ట్రంలో మొదలైన వసతి దీవెన కింద డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20,000 చొప్పున తల్లుల ఖాతాల్లో వేసేవాళ్ళు. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, పథకం ఆగుతుంది. బాడుగ నెలనెలా ఒకటో తేదీకి ఆగకుండా వస్తుంది.

ఇక్కడ కార్యకర్తలు చెవిపెట్టి వినాల్సిన మాట ఉంది. 2010 నాటి కేంద్ర నిబంధనల్లో ఒకటి రాసిపెట్టినారు. కాలేజీ హాస్టల్లో సీటు లేకపోతే, ఐదుగురికి తక్కువ కాకుండా పిల్లలు కలిసి బాడుగకు తీసుకొని, ఒకే పొయ్యి మీద వండుకుంటుంటే దాన్ని కూడా హాస్టల్‌గానే చూడొచ్చు. ప్రిన్సిపాల్ చూసి సర్టిఫికెట్టు ఇయ్యాలి. మన రాష్ట్రంలో స్టూడెంట్ మేనేజ్డ్ హాస్టల్ అన్నది ఇదే. ఒంటరిగా రూము తీసుకున్నవాణ్ణి ఇంటి నుంచి వచ్చేవాని కిందే జమకడితే నష్టం సగానికి సగం. అందుకే మేము చెప్పేది సూటిగా చెబుతున్నాం. పిల్లల్ని ఊరినుంచి బయటికి తీయండి, కానీ ఒంటరిగా పంపకండి. ఐదుగురిని జతచేసి పంపుదాం. బాడుగ ఐదు భాగాలవుతుంది, వంట వంతులవుతుంది, ఓనరు ముందు నిలబడేది ఐదుగురవుతారు. వేరే రాష్ట్రంలో చదివినా స్కాలర్‌షిప్పు సొంత రాష్ట్రమే ఇయ్యాలని నిబంధన ఉంది గనక, బెంగుళూరు పోయేవాళ్ళ గొడవ కూడా ఇక్కడి సాంఘిక సంక్షేమ ఆఫీసులోనే తేల్చుకోవాలి.

హాస్టల్ సీటు వస్తే అన్నీ తీరుతాయని కూడా మేము చెప్పం. 2016 జనవరి మొదట్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ గదుల నుంచి ఖాళీ చేయించినారు. వాళ్ళు క్యాంపస్‌లోనే ఆరుబయట గుడారం వేసుకొని దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు. జనవరి 17న రోహిత్ వేముల ప్రాణం పోయింది. తనకు ఏడు నెలల ఫెలోషిప్పు, 1,75,000 రూపాయలు రావాల్సి ఉందని చివరి ఉత్తరంలో రాసిపోయినాడు. గుంటూరు పిల్లోడు, కుట్టుమిషను తొక్కి పెంచిన తల్లి కొడుకు. చోటూ దుడ్డూ రెండూ ఆగిపోతే పట్నంలో మన పిల్లలకు వెనక ఎవరుంటారో సంఘం ముందే తేల్చుకోవాలి.

చట్టం సంగతి. 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం నాలుగో సెక్షను ప్రకారం అంటరానితనం పేరుతో ఏ పేటలోనైనా ఇంట్లో ఉండకుండా అడ్డుకోవడం నేరం. ఒక నెల నుంచి ఆరు నెలలు జైలు, 100 నుంచి 500 జుల్మానా. రుజువు చేయడమే కష్టం, ఎందుకంటే "చుట్టాలొస్తున్నారు" అనే మాటకు కులం వాసన ఉండదు. కాబట్టి కార్యకర్తలు ఒక పని చేయాలి. మన పిల్లల్ని కాదన్న ఇంటికి మరుసటి దినం మనతో కలిసొచ్చే వేరే కులం మిత్రుణ్ణి పంపండి. ఆయనకు అదే గది ఇస్తామంటే తేదీ, టైము, ఎవరు ఏమన్నారో ముగ్గురు రాసి సంతకాలు పెట్టండి. సర్వేలో వాళ్ళు చేసింది కూడా రొంత ఇట్లాంటిదే.

కాలేజీలు తెరవకముందే జట్లు కట్టాలి. మొదటి జట్టు ఆడపిల్లలది. దానికి సంఘం తరఫున ఒక అక్క పట్నంలో అండగా ఉంటుంది, వారానికొకసారి పోయి చూసొస్తుంది. అడ్వాన్సుకు ఊరికింత చందా అని ఈ పూటే అనుకోవాలి. చెనక్కాయ అమ్మినాక తీర్చుకుంటామన్నా సంఘానికి అభ్యంతరం లేదు. సభ అయినాక వేపచెట్టు కింద ఇద్దరు కార్యకర్తలు పుస్తకం పెట్టుకొని కూచుంటారు. పిల్లల పేరు, ఊరు, ఏ కాలేజీ, హాస్టల్లో సీటు అడిగినారా లేదా, అన్నీ చెప్పి రాయించి పోండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లు లేనోళ్ళు అది కూడా చెప్పండి, సోమవారం అందరం కలిసే తహసీల్దారు ఆఫీసుకు పోదాం.

జై భీమ్.