చేసేది ఎవరో అడుగుదాం



సైటులో కొత్త కుర్రాడొక్కడిచేతే స్కాఫోల్డింగ్ కట్టించం; పక్కన పనొచ్చిన మనిషి ఉంటాడు. మరి ఇంట్లో ఆడవాళ్లకి గర్భసంచి ఆపరేషన్ అంటే, చేసేది ఎవరని అడగడానికి మొహమాటమెందుకు?

ఇలాంటివి తరచుగా చేసే సర్జన్ల చేతిలో కాంప్లికేషన్లు తక్కువని చాలా పరిశోధనల్లో తేలింది.

మా ఆవిడ ఆపరేషన్‌కి ముందు నేను నోరు విప్పలేదు. తనే అడిగింది: "ఇవి ఏడాదికి ఎన్ని చేస్తారు? నేర్చుకునేవాళ్లు చేస్తే పక్కన మీరుంటారా?" డాక్టరుగారు నొచ్చుకోలేదు, ఓపిగ్గా చెప్పారు.

న్యూజిలాండ్‌లో 1996 నుంచి పేషెంట్ల హక్కుల కోడ్ ఉంది. మన వీసా ఏదైనా, డాక్టరు అర్హతలు అడిగితే నిజాయితీగా జవాబివ్వాలి; ఇంకో డాక్టరు అభిప్రాయం ఎలా తీసుకోవాలో చెప్పాలి. ఇంగ్లీషు కష్టమైతే ఇంటర్‌ప్రెటర్ కావాలనండి.

రిక్కార్టన్ అవెన్యూలో ఆసుపత్రికి వెళ్లేముందు ప్రశ్నలు కాగితమ్మీద రాసుకోండి. అర్థమయ్యాకే సంతకం పెట్టండి.