గేటు ముందు గుడాల గంప
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను 1979లో కరీంనగర్‌లో గుమాస్తాగా చేరాను. మా ఆఫీసు గేటు ముందు ఒక పెద్దమ్మ బబ్బెర గుడాలు, శనగ గుడాలు గంపలో పెట్టుకొని అమ్మేది. ఉల్లిగడ్డ ముక్కలు చల్లి మోదుగాకు దొప్పలో ఇచ్చేది. నెలాఖరున జేబు ఖాళీ అయితే, "జీతమొచ్చినంక ఇయ్యి బిడ్డా" అనేది. మనలో చాలామందికి ఇలాంటి ఖాతా ఒకటి ఉండే ఉంటుంది.

1984లో ఆదిలాబాద్‌కు బదిలీ అయింది. రిలీవైన తొందరలో ఆమెకివ్వవలసిన 11 రూపాయలు మరిచాను. ఆదిలాబాద్ చలిలో పొద్దున్నే బండి దగ్గర చాయ్ తాగుతుంటే ఆ బాకీ గుర్తుకొచ్చేది. నేను తిరిగి వచ్చేసరికి గేటు ముందు జాగా ఖాళీ చేయించారు. ఆమె ఎటుపోయిందో చెప్పినవారు లేరు. నాకు ఒకటో తారీఖున పింఛను పడినప్పుడల్లా ఆమె గుర్తుకొస్తుంది.

ఇప్పుడు టవర్ సర్కిల్ దిక్కు పోతే మిర్చి బజ్జీలతో పాటు నూడుల్స్ కూడా దొరుకుతాయి. రోడ్డు పక్కన వేడివేడి జొన్నరొట్టెలు చేసే ఆడవాళ్లకు షుగరున్న మనమే గిరాకీ! పైసలు ఫోనులోనే పోతున్నాయి. మారనిది ఒక్కటే, జాగా పోతుందన్న భయం.

1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, సహేతుకమైన ఆంక్షలకు లోబడి వీధి వ్యాపారం రాజ్యాంగ హక్కేనని చెప్పింది. 2014లో ప్రత్యేక చట్టం వచ్చింది. దాని ప్రకారం సర్వే జరిపి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవారిని లేపరాదు. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. 2020లో స్వనిధి పథకం కింద మొదటి విడత 10 వేల రూపాయల అప్పు ఇవ్వసాగారు. 2025లో దానిని 15 వేలు చేశారు.

అయితే హక్కు కాగితం మీద ఉంటే చాలదు, దరఖాస్తు నింపేవారు కావాలి. అది మనకు ముప్పై ఏళ్ల అలవాటు. మన సంఘం ఆఫీసులో వారానికి ఒక పూట ఈ పనికి కేటాయించాలని కోరుతున్నాను. శనివారం నేను కూర్చుంటాను. పెద్దమ్మ బాకీ ఇట్లనైనా కొంత తీరుతుందని నా ఆశ.