రేవు దాటి రాని మనుషులు: నావికుల మధ్య క్రైస్తవ సంఘాల పరిచర్య



తమ తండ్రి జ్ఞాపకార్థం ఈ స్మారక నిధిని నెలకొల్పిన కుటుంబం, ఈ ప్రసంగానికి నాకు ఒకే షరతు పెట్టింది. తమ తండ్రిగారిని పొగుడుతూ పొద్దు పుచ్చవద్దని, పేరు కూడా ఎత్తవద్దని. ఆయన కోక్ ఓవెన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. రెక్కల కష్టం మీద బతికేవాళ్ళకు సంఘం ఏం బాకీ ఉంది అన్నది ఆయన్ని చివరిదాకా వేధించిన ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకునే, ఓడల మీద బతుకు వెళ్ళదీసేవాళ్ళ గురించి, వాళ్ళ కోసం చర్చి నడిపిన ధర్మసంస్థల గురించి నాలుగు మాటలు చెబుతాను.

సువర్ణరేఖ, ఖర్కాయి తప్ప వేరే నీళ్ళు చూడని జంషెడ్‌పూర్‌లో సముద్రం ముచ్చటేమిటని మీకు అనిపించవచ్చు. ఇక్కడి ఉక్కు ఫర్నేసుల్లో వాడే కోక్‌కు ఝరియా, వెస్ట్ బొకారో బొగ్గు చాలదు. మేలురకం కోకింగ్ బొగ్గు ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో వస్తుంది. హల్దియాలోనో, పారాదీప్‌లోనో, ధామ్రాలోనో దిగి, వ్యాగన్లకెక్కి ఇక్కడికి చేరుతుంది. ఆస్ట్రేలియా నుంచి మన తూర్పు తీరానికి రెండు మూడు వారాల ప్రయాణం. అంత పెద్ద ఓడను నడిపేది ఇరవై, పాతిక మంది. వ్యాగన్లు మన గేటు దాకా వస్తాయి. ఆ బొగ్గు తెచ్చినవాళ్ళు రేవు గేటు కూడా దాటరు. వాళ్ళ ముఖం మనలో ఎవరం చూసి ఉండం.

ఈ ఊరికి పేరిచ్చిన జంషెడ్‌జీ టాటా సముద్రం మీద జరిగే అన్యాయాన్ని స్వయంగా ఎదుర్కొన్నారు. తూర్పు దేశాలకు నూలు పంపడానికి పీ అండ్ ఓ అనే బ్రిటిష్ ఓడల కంపెనీ గుత్తగా వసూలు చేస్తున్న రవాణా ఛార్జీలు భరించలేక, 1893లో జపాన్‌కు చెందిన నిప్పన్ యూసెన్ కైషాతో కలిసి టాటా లైన్ ప్రారంభించారు. ఆనీ బారో అనే ఇంగ్లీషు ఓడను అద్దెకు తీసుకున్నారు. పీ అండ్ ఓ రేట్లు నేలకు దించేసింది, టాటా లైన్ మూతపడింది. ఇది యజమానుల మధ్య జరిగిన పోరు కాబట్టి పుస్తకాల్లోకి ఎక్కింది. అవే ఓడల అడుగున బాయిలర్లలోకి బొగ్గు ఎగదోసినవాడి సంగతి ఎక్కడా ఎక్కలేదు.

క్రైస్తవ సంఘం మొదట ఓడెక్కిందీ ఈ బడుగు నావికుడి కోసమే. 1835లో జాన్ ఆష్లీ అనే ఆంగ్లికన్ పాదిరి ఇంగ్లండులో బ్రిస్టల్ ఛానెల్ ఒడ్డున క్లీవెడన్‌లో విడిది చేశాడు. ఎదురుగా కనిపించే దీవుల్లో ఉండేవాళ్ళు గుడికి ఎలా వెళతారని ఆయన కొడుకు అడిగాడని చెబుతారు. ఆ మాట విని దీవులకు వెళ్ళిన ఆష్లీ కళ్ళు, గాలి అనుకూలించేదాకా లంగరు వేసుకుని నిలిచిన ఓడల బారు మీద పడ్డాయి. వాటిలోని మనుషుల దగ్గరికి ఎవరూ పోవడం లేదు. ఆయన తనకు రావలసిన మంచి చర్చి ఉద్యోగం వదులుకుని, ఐరీన్ అనే చిన్న ఓడ కట్టించుకుని, పదిహేనేళ్ళపాటు చలిలో, తుపానుల్లో ఓడ నుంచి ఓడకు తిరిగాడు. వేల ఓడలెక్కాడు. ఆరోగ్యం చెడి ఆయన తప్పుకున్నాక పని కుంటుపడింది. అప్పుడు పిల్లల కథల రచయిత డబ్ల్యూ. హెచ్. జి. కింగ్‌స్టన్ వంటివారు పూనుకుని ఈ తరహా చిన్న చిన్న ప్రయత్నాలన్నిటినీ ఒకటి చేశారు. అలా 1856లో మిషన్స్ టు సీమెన్ ఏర్పడింది. ప్రకటన గ్రంథం 14వ అధ్యాయంలోని ఎగిరే దేవదూత దాని జెండా మీదికి వచ్చాడు. 2000లో ఆ సంస్థ మిషన్ టు సీఫేరర్స్‌గా పేరు మార్చుకుంది. ఇవాళ 50 దేశాల్లో 200 రేవుల దాకా పనిచేస్తోంది.

బాప్టిస్టు సోదరులు నన్ను ఇక్కడ ఆపుతారని తెలుసు. నిజమే, ఆష్లీ కంటే ముందున్నవాడు జార్జ్ చార్లెస్ స్మిత్. యుద్ధనౌకల్లో పనిచేసి బాప్టిస్టు బోధకుడైన ఆయన్ని జనం బోసన్ స్మిత్ అని పిలిచేవాళ్ళు. థేమ్స్ నది మీద 1817 ప్రాంతంలోనే ఓడల మీద బేతేలు జెండా ఎగరేసి ప్రార్థనలు మొదలయ్యాయి. మరుసటి ఏడాది లండన్‌లో ఏర్పడిన సంఘమే నేటి సెయిలర్స్ సొసైటీకి మూలం. కతోలికులు ఆలస్యంగా వచ్చినా గట్టిగా వచ్చారు. 1920లో గ్లాస్గోలో అపోస్టల్‌షిప్ ఆఫ్ ది సీ మొదలైంది, ఇప్పుడు స్టెల్లా మారిస్ అంటున్నారు.

వీళ్ళు చేసిన పని ఏమిటి? వేదపుస్తకాలు పంచారు. చదవడం, రాయడం నేర్పారు. రేవులో దిగిన నావికుడి జీతం కాజేయడానికి కాచుకున్న దళారీల నుంచి కాపాడటానికి శుభ్రమైన వసతిగృహాలు కట్టారు. ఆ దళారీ వ్యవస్థ ఎలా నడిచేదో చెప్పాలి. ఓడెక్కేముందు నావికుడికి అడ్వాన్సు చీటీ ఇచ్చేవారు. అది ఓడ కదిలాకే డబ్బవుతుంది. అతనికి మాత్రం ఇప్పుడే అవసరం. బోర్డింగ్ హౌస్ యజమాని ఆ చీటీని సగానికి కొని, తిండికి, సారాకు, గదికి లెక్క కట్టి మిగతాది కూడా మింగేవాడు. కలకత్తాలోనూ ఇదే కథ. ఘాట్ సరంగులనే దళారీలకు లంచం ఇవ్వనిదే కళాసీకి, అంటే భారతీయ నావికుడికి, ఓడ దొరికేది కాదు. మొదటి నెలల జీతం అప్పులకే పోయేది.

మన తెలుగువాళ్ళ విషయంలో సంఘం రికార్డు అంత గర్వపడేది కాదు. గోదావరి పాయల దగ్గర కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టే రేవు. 1839 తుపాను దాన్ని ముంచేసింది. కానీ పేరు పోలేదు: బర్మాలో తెలుగువాళ్ళందరినీ కోరంగీలనే పిలిచారు. కాకినాడ, విశాఖ, భీమిలి, కళింగపట్నం నుంచి స్టీమర్లెక్కి లక్షల మంది రంగూన్ వెళ్ళారు, అక్కడి రేవులో మూటలు మోశారు. 1930 మే నెలలో సమ్మె చేసిన తెలుగు కూలీల స్థానంలో బర్మీయుల్ని పనిలో పెట్టి, సమ్మె ముగియగానే వాళ్ళని పొమ్మన్నారు. ఆ చిచ్చులో వంద మందికి పైగా చనిపోయారు. అక్కడ తెలుగు బాప్టిస్టు సంఘాలుండేవి, ప్రార్థనలుండేవి. కూలి రేటు గురించి, ఒక పేదవాడి మీదికి మరో పేదవాణ్ణి ఉసిగొల్పే పద్ధతి గురించి ప్రసంగపీఠం మీద ఎంత వినబడిందో మనల్ని మనం అడుక్కోవాలి.

లండన్‌లో చలికి వణుకుతూ వీధిన పడ్డ కళాసీల కోసం లైమ్‌హౌస్‌లో 1857లో స్ట్రేంజర్స్ హోమ్ తెరిచారు. దాని శంకుస్థాపన ప్రిన్స్ ఆల్బర్ట్ చేశాడు. రాజ్యం పోగొట్టుకుని అక్కడే బతుకుతున్న మహారాజా దులీప్ సింగ్ 500 పౌండ్లిచ్చాడు. లండన్ సిటీ మిషన్ తరఫున జోసెఫ్ సాల్టర్ అనే మిషనరీ హిందుస్తానీ నేర్చుకుని ఈ మనుషుల మధ్య దశాబ్దాలు గడిపాడు. ఆయన రాతల వల్లే ఆనాటి కళాసీల దుస్థితి మనకు తెలుస్తోంది. ఆయనంటే నాకు గౌరవం. అయినా ఆ ఇంట్లో అడగని ప్రశ్న ఒకటుంది. ఒకే ఓడ మీద, ఒకే పనికి, భారతీయ కళాసీకి బ్రిటిష్ నావికుడి జీతంలో మూడో వంతో, అంతకంటే తక్కువో ఎందుకిచ్చారు? దాతల జాబితాలో ఓడల కంపెనీలు కూడా ఉన్నప్పుడు ధర్మసంస్థకు ఆ ప్రశ్న అడగడం కష్టం. ఇది నా అభిప్రాయం, దీన్ని మార్చుకునే కారణం నాకు కనబడలేదు.

అలాంటి ప్రశ్నలు ఓడల యజమానుల్ని అడిగినవాడు ఒకడున్నాడు. ఆయన పని నేర్చుకున్నది మన పక్కనే, కలకత్తాలో. పేరు చార్లెస్ ప్లోమర్ హాప్కిన్స్. 1861లో అమెరికాలో పుట్టి, బర్మాలో పెరిగాడు. రంగూన్‌లో అభిషేకం పొంది, అక్యాబ్‌లో, తర్వాత కలకత్తాలో రేవు పాదిరిగా కుదిరాడు. హుగ్లీలో లంగరు వేసిన ఓడల మీదికి ప్రార్థన పుస్తకంతో వెళ్ళినవాడికి వేరే సంగతులు వినబడ్డాయి. కుళ్ళిన మాంసం, ఎగ్గొట్టిన జీతాలు, కొట్టే అధికారులు, వైద్యం లేక పోయిన ప్రాణాలు. కలకత్తాలోనే నావికుల కోసం సెయింట్ పాల్ పేరిట ఒక స్నేహ సంఘం పెట్టాడు, దాన్నుంచి ఒక మఠ సమాజం పుట్టింది. అపొస్తలుల కార్యముల్లో 276 మందితో పగిలిపోయిన ఓడ మీద ఉన్న పౌలు పేరు దీనికి ఎంత తగిందో చూడండి. హాప్కిన్స్ నావికుల వ్యాజ్యాల్లో వాళ్ళ పక్షాన నిలిచాడు. రేవు పాదిరి వ్యవహారాల్లో తలదూరుస్తున్నాడని ఓడల వ్యాపారులకు కోపం వచ్చింది, చర్చి పెద్దలకు ఇబ్బందైంది. చివరికి 1894లో ఆయన కలకత్తా వదిలాడు.

ఇంగ్లండు చేరి ఆల్టన్‌లో మఠం స్థాపించాడు. ముసలి నావికులు అక్కడ తలదాచుకున్నారు. అంతటితో ఆయన ఊరుకోలేదు, నావికుల యూనియన్‌లో చేరాడు. 1911 వేసవిలో బ్రిటిష్ రేవుల్లో జరిగిన పెద్ద సమ్మె నాయకుల్లో ఈ సన్యాసి ఒకడు. ఆ సమ్మెతో జీతాలు పెరిగాయి. ఓడలు ఎంత లోతు దాకా సరుకు నింపవచ్చో చెప్పే ప్లిమ్‌సాల్ గీతను ప్రభుత్వం సడలించినప్పుడు దాని మీద ఒక పుస్తకం రాశాడు. 1922లో కన్నుమూశాడు.

హాప్కిన్స్‌ను నేను దేవుణ్ణి చేయడం లేదు. ఆయన పనిచేసిన యూనియన్ చైనా నావికుల్ని శత్రువులుగా చూసింది, తక్కువ జీతానికి వచ్చే ఆసియావాళ్ళని రానివ్వొద్దంది. ఆయన కలకత్తాలో చూసిన ఘోరాల్లో ఎక్కువ భాగం తెల్ల నావికులవే. అయినా ధర్మకర్త స్థానం వదిలి సాక్షిగా బోనెక్కిన రేవు పాదిరి ఆయన. నా దృష్టిలో ఈ మొత్తం చరిత్రకు మలుపు అదే.

జంషెడ్‌పూర్‌కు ఇలాంటి పాదిరి కొత్త కాదు. సి. ఎఫ్. ఆండ్రూస్ ఆంగ్లికన్ పాదిరిగా ఈ దేశం వచ్చి, ఫిజీ చెరకు తోటల్లో మగ్గుతున్న మనవాళ్ళ కోసం పోరాడారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. 1920లలో కొంతకాలం ఇక్కడి లేబర్ అసోసియేషన్‌కు ఆయన అధ్యక్షులు. 1925 ఆగస్టులో గాంధీగారు ఈ ఊరు రావడం వెనక ఆయన చొరవ ఉంది, ఆ రాక తర్వాతే కంపెనీ అసోసియేషన్‌ను గుర్తించింది. మన తాతలు బెంగాల్ నాగ్‌పూర్ రైలెక్కి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి సాక్చీ, గోల్‌మురీ, కదమాల్లో కాపురాలు పెట్టుకున్న కాలమది. వాళ్ళ హక్కుల పునాది రాళ్ళలో ఒకటి ఒక పాదిరి చేత్తో పడింది.

ఇక ఇప్పటి సంగతి. పూర్వం ఓడ రేవులో వారాలు నిలిచేది, ఇప్పుడు సరుకు గంటల్లోనో, కొద్ది రోజుల్లోనో దిగిపోతుంది. 2004లో కొత్త భద్రతా నిబంధనలు వచ్చాక నావికుడు గేటు దాటడమే గగనమైంది. అందుకని రేవు పాదిరే నిచ్చెనెక్కి వెళతాడు. సిమ్ కార్డులిస్తాడు, వైఫై పెట్టె మోసుకెళతాడు, ఒక గంట దొరికితే వ్యాన్‌లో బజారుకు తీసుకెళ్ళి దింపుతాడు. వంటగదిలోకి తొంగి చూసి, బియ్యం ఉన్నాయా, నీళ్ళు మంచివేనా అని అడుగుతాడు. బైబిలు అడిగితే ఇస్తాడు, అడగకపోతే బలవంతం లేదు. హిందువు, ముస్లిం, బౌద్ధుడు అందరూ ఆయన మనుషులే. కోవిడ్ కాలంలో గడువు దాటినా ఇంటికి పోలేక ఓడల్లో చిక్కుకున్నవాళ్ళు ఒక దశలో 4 లక్షల దాకా ఉన్నారని అంతర్జాతీయ నౌకాయాన సంస్థ లెక్క. ఓడెక్కనివ్వకపోతే ఓడ పక్కన నిలబడి బుట్టకు తాడు కట్టించి సామాను పంపిన పాదిరులున్నారు.

ఈ పరిచర్య అడగవలసిన ప్రశ్నలు ఇప్పుడు చట్టమయ్యాయి. 2006 నాటి మారిటైమ్ లేబర్ కన్వెన్షన్ 2013లో అమల్లోకి వచ్చింది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదు. 2017 నుంచి ఇంకో రక్షణ వచ్చింది. రెండు నెలలు జీతం ఇవ్వకపోతే యజమాని ఆ సిబ్బందిని వదిలేసినట్టే లెక్క, నాలుగు నెలల దాకా బకాయి జీతాన్ని, ఇంటికి చేరే ఖర్చును బీమా భరించాలి. చట్టం ఉన్నా 2024లో మూడు వేలకు పైగా నావికులు అలా నడిసముద్రంలో, పరాయి రేవుల్లో వదిలివేయబడ్డారని అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య చెప్పింది. దేశాల వారీగా చూస్తే అందులో ఎక్కువ మంది భారతీయులే.

వాళ్ళలో ఉద్దానం, సోంపేట, ఇచ్ఛాపురం కుర్రాళ్ళు ఉండరా? మనలో సగం మందికి ఆ వైపు మేనల్లుళ్ళు, తమ్ముళ్ళు ఉన్నారు. పొలం తాకట్టు పెట్టి, బంగారం అమ్మి, మర్చంట్ నేవీ ఉద్యోగమంటే ఏజెంటు చేతిలో లక్షలు పోస్తున్నారు. నావికుడి గుర్తింపు పుస్తకం (సీడీసీ) నకిలీదని తేలేది పరాయి దేశంలో. లైసెన్సున్న కంపెనీ ఏదో డైరెక్టర్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో నియామక లైసెన్సు (ఆర్పీఎస్‌ఎల్) నంబరు వెతికితే తెలుస్తుంది. ఇంగ్లీషు ఫారం చూసి బెదిరే ఇంట్లో అది వెతికిపెట్టేదెవరు?

అందుకే సంఘ కమిటీ ముందు రెండు విషయాలు పెడుతున్నాను. క్రిస్మస్ ముందు కానుకలు పోగుచేసేటప్పుడు హల్దియా ఓడల కోసం ఒక వంతు పక్కన పెట్టి, కోల్‌కతా రేవు పాదిరి ద్వారా అందేలా చూడండి. అంతకంటే ముఖ్యం, ఈ నిధి వడ్డీలోంచి కొంత తీసి, చదువుకున్న మన యువకుల్లో ఇద్దరిని ఈ పనికి కూర్చోబెట్టండి. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక బల్ల, ఒక ఫోను చాలు. ఓడెక్కబోయే పిల్లవాడి కాగితాలు తెచ్చుకున్న ఏ కుటుంబానికైనా, ఏ మతమైనా, లైసెన్సు సరిచూసి చెప్పాలి. ఏజెంటు డబ్బడిగితే ఫిర్యాదు రాసిపెట్టాలి. జీతం ఆగితే కార్మికుల సమాఖ్యకు, పక్క రేవులోని పాదిరికి కబురు పెట్టాలి. వచ్చే కమిటీ సమావేశంలో దీన్ని చర్చకు తీసుకోమని కోరుతున్నాను. కాగితాలు చదివి పెట్టడానికి మొదటి ఆదివారం నేనొచ్చి కూర్చుంటాను.