లాభంలో వాటాయేనా బాధ్యత?



సామాజిక బాధ్యత లాభాలను తగ్గిస్తుందని కొందరు యజమానులు, పెంచుతుందని మరికొందరు వాదిస్తున్నారు. ఆ లాభం ఎట్లా గడించారన్నది మన ప్రశ్న.

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత పరిమాణం గల కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. గేటు బయట చెట్లు నాటితే ఆ లెక్కకు వస్తుంది. గేటు లోపల కార్మికుల క్షేమానికి చేసిన వ్యయం రాదు. అది దానం కాదు, విధి. ఆ విధి నెరవేరినదీ లేనిదీ 2 శాతం చెప్పదు.

భోపాల్ యూనియన్ కార్బైడ్ కర్మాగారంలో విషరసాయనాన్ని చల్లబరచే యంత్రాన్ని ఆపివేశారు, సిబ్బందిని తగ్గించారు. ఖాతా పుస్తకాలలో అది పొదుపు. 1984 డిసెంబరు 2-3 రాత్రి వెలువడిన విషవాయువు వేలాది ప్రాణాలను బలిగొన్నది. 1989లో 47 కోట్ల డాలర్ల ఒప్పందంతో కంపెనీ ఒడ్డున పడినది, బాధితులు పడలేదు.

2022-23 నుండి సెబీ నిబంధనల మేరకు వెయ్యి అగ్రశ్రేణి లిస్టెడ్ కంపెనీలు తమ ప్రమాదాలను, మరణాలను ఏటా ప్రకటించవలసి ఉన్నది. ప్రతి యూనియనూ ఆ నివేదికను వాస్తవంతో సరిచూడాలి. కాంట్రాక్టు కార్మికుని గాయం అందులో లేకుంటే, యాజమాన్యంతో చర్చలలో మన మొదటి అంశం అదే కావాలి.